పండుగ కానుకకు ఫ్యూజ్డ్ గ్లాస్: కరిగించడం తేలికే, చల్లార్చడమే అసలు పని

చేత్తో చేసిన గాజు పళ్లెం ఒకటి పండక్కి కానుకగా ఇచ్చారనుకుందాం. పుచ్చుకున్నవాళ్లు మురిసిపోయి అలమారలో పెట్టుకున్నారు. మూడు వారాలయ్యాక, ఎవరూ ముట్టుకోకుండానే, అర్ధరాత్రి అది టప్పుమని రెండు ముక్కలైంది. ఇందులో దెయ్యం పనేమీ లేదు. కిల్న్‌లోంచి, అంటే గాజును కాల్చే కొలిమిలోంచి, బయటికి వచ్చిన రోజే ఆ పళ్లెం పగలడానికి సిద్ధంగా ఉంది, ముహూర్తం మాత్రం తర్వాత కుదిరింది.

గాజు ముక్కలను పేర్చి, వేడికి ఒకటిగా కలిపితే వచ్చేదే ఫ్యూజ్డ్ గ్లాస్. దాని గురించి ఎవరిని అడిగినా ముందు రంగులు, డిజైన్ల గురించే చెప్తారు. నిజానికి రంగు ముక్కలు పేర్చడం పిల్లలకైనా వస్తుంది. కష్టమంతా కంటికి కనిపించని చోట ఉంది: ఏ గాజు ఏ గాజుతో కలుస్తుంది, ఎంత మందం ఉండాలి, ఎంత నెమ్మదిగా చల్లారాలి. మనింట్లో ఉన్న వస్తువు పగిలితే ఊడ్చేసుకుంటాం. కానుక పగిలితే తెగేది ఎదుటివాళ్ల చెయ్యి. పైగా పండుగ తేదీ జరగదు, కిల్న్‌ను తొందరపెట్టలేం. అందుకే ఏం చెయ్యాలన్నది మన సరదా కంటే ముందు చల్లార్చే లెక్కే తేలుస్తుంది. ఆ లెక్క అర్థమైతే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

ఇది ఏ రకం గాజు పని?

గాజు పని అనగానే చాలామందికి పొడుగాటి గొట్టం చివర ఎర్రగా మెరిసే గాజు ముద్దను ఊదుతున్న మనిషి గుర్తొస్తాడు. అది బ్లోయింగ్. అక్కడ కొలిమి 1100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల మండుతూనే ఉండాలి, పక్కన చెయ్యి తిరిగిన సహాయకుడు కావాలి. ఫ్యూజింగ్‌లో గాజును వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోనే ముట్టుకోం. చల్లని గాజు పలకలను కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, కరెంటు కిల్న్‌లో పెట్టి 800 డిగ్రీల దాకా వేడిచేస్తే అవి కలిసిపోయి ఒకే పలక అవుతాయి. రంగు ముక్కలను సీసపు పట్టీలతో కలిపే స్టెయిన్డ్ గ్లాస్ కూడా వేరే పనే, అందులో గాజు కరగదు.

పద్ధతి పాతదే. ఊదే గొట్టం క్రీ.పూ. 1వ శతాబ్దంలో మధ్యధరా తూర్పు తీరంలో వాడుకలోకి రాకముందు గాజు గిన్నెలను ఎక్కువగా అచ్చుల మీద వంచి, రంగు ముక్కలను కొలిమిలో కలిపి చేసేవాళ్లు. ఊదడం వచ్చాక గిన్నెలు త్వరగా, చవగ్గా తయారవడంతో ఇది వెనకబడింది. 20వ శతాబ్దం మధ్యలో మళ్లీ లేచింది. షికాగోలో ఫ్రాన్సెస్, మైకేల్ హిగిన్స్ దంపతులు 1948లో మొదలుపెట్టిన స్టూడియో ఫ్యూజ్డ్ గ్లాస్ పళ్లాలకు పేరుపడింది. తర్వాత 1974లో అమెరికాలోనే పోర్ట్‌లాండ్‌లో పుట్టిన బుల్స్‌ఐ కంపెనీ, ఒకదానితో ఒకటి కలుస్తాయని పరీక్షించి చూసిన రంగు గాజులను అమ్మడం మొదలుపెట్టింది. ఇళ్లలో చేసుకునేవాళ్లకు అసలు దారి తెరిచింది ఆ పరీక్షే. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఒక్కో వేడికి ఒక్కో రూపం

గాజు ఫలానా డిగ్రీ దగ్గర కరుగుతుందని చెప్పడానికి లేదు. వేడెక్కేకొద్దీ మెత్తబడుతూ పోతుంది, అంతే. అందుకే ఏ వేడి దగ్గర ఆపుతామన్నదాన్ని బట్టి వస్తువు రూపం మారిపోతుంది. ఫ్యూజింగ్ కోసం చేసిన గాజు 620 నుంచి 680 డిగ్రీల మధ్య తన బరువుకు తానే వంగి, కింద ఉన్న అచ్చులోకి దిగుతుంది. దీన్ని స్లంపింగ్ అంటారు, పలక గిన్నెగా మారేది ఇక్కడే. 730 దాటి 760 దాకా వస్తే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి కానీ దేని ఆకారం దానికి ఉంటుంది, చేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఇది ట్యాక్ ఫ్యూజ్. 800 నుంచి 815 మధ్య అన్నీ చదునుగా ఒకే పలకలో కలిసిపోతే అది ఫుల్ ఫ్యూజ్.

ఈ అంకెలను వేదవాక్కుల్లా పట్టుకోకూడదు. వేడి ఎంతన్నది సగం కథ, ఆ వేడిలో ఎంతసేపు ఉంచామన్నది మిగతా సగం. 790 దగ్గర అరగంట ఉంచితే 805 దగ్గర పది నిమిషాలు ఉంచినట్టే రావచ్చు. ఇక ఒక్కో కిల్న్‌ది ఒక్కో స్వభావం. వేడి కొలిచే తీగ ఎక్కడుంది, పైనుంచి కాలుతుందా పక్కల నుంచా అన్నదాన్ని బట్టి ఒకే ప్రోగ్రాం, అంటే ఎంత వేడికి ఎంత వేగంగా వెళ్లి ఎంతసేపు ఆగాలన్న వరస, ఒకచోట చదునైన పళ్లెం ఇస్తుంది, ఇంకోచోట గరుకు పళ్లెం ఇస్తుంది. కొత్త కిల్న్ దొరికితే ముందు వృథా ముక్కలను కిల్న్ లోపలి షెల్ఫ్ నాలుగు మూలలా, మధ్యలోనూ పెట్టి ఒకసారి కాల్చి చూడటం మంచిది. పండగ ముందు వారంలో చెయ్యాల్సిన ప్రయోగం మాత్రం కాదిది.

ఆరు మిల్లీమీటర్ల పట్టుదల

కరిగిన గాజుకు ఒక మొండితనం ఉంది. ఎలా పేర్చినా అది దాదాపు 6 మిల్లీమీటర్ల మందానికే రావాలని చూస్తుంది. కారణం తలతన్యత. తామరాకు మీద నీటిబొట్టు ముడుచుకుని గుండ్రంగా నిలబడినట్టే, మెత్తబడిన గాజు తన ఉపరితలాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది. దాని బరువేమో పరుచుకోమంటుంది. ఈ రెండూ రాజీపడే మందం సుమారు 6 మి.మీ.

ఫ్యూజింగ్ గాజు పలకలు సాధారణంగా 3 మి.మీ. మందంలో దొరుకుతాయి. రెండు పలకలు పేరిస్తే సరిగ్గా 6 మి.మీ., కోసిన కొలత కోసినట్టే ఉంటుంది. ఒక్క పలకనే ఫుల్ ఫ్యూజ్ చేస్తే అది లోపలికి ముడుచుకుంటుంది. అంచులు లావెక్కుతాయి, మధ్యలో పలచబడుతుంది, అంచుల్లో సన్నటి సూదుల్లాంటి మొనలు తేలతాయి, ఒక్కోసారి నడుమ చిల్లే పడుతుంది. మూడు పలకలు పెడితే అదనపు గాజు బయటికి పారి, చతురస్రం కాస్తా వంకరటింకరగా అవుతుంది. మొదటిసారి చేసేవాళ్లను కంగారుపెట్టే సగం విషయాలకు జవాబు ఇదే. నా కోస్టర్ (కప్పు కింద పెట్టే పలక) ఎందుకు చిన్నదైంది, నా పళ్లెం ఎందుకు షెల్ఫ్ అంచుకు పాకింది అని అడిగితే, ఎన్ని పొరలు వేశారని తిరిగి అడగాలి.

ఇదే మొండితనం లాకెట్ల విషయంలో మనకు కలిసొస్తుంది. ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలను రెండు మూడు పొరలుగా పేర్చి ఫుల్ ఫ్యూజ్ చేస్తే అంచులు వాటంతటవే గుండ్రమై, సానపట్టిన రాయిలా తయారవుతాయి. కోత కాస్త వంకరపోయినా ఎవరికీ తెలియదు. తొలి ప్రయత్నానికి లాకెట్లు ఎంచుకోమని అందరూ చెప్పడంలో న్యాయం ఉంది.

రెండు పలకల మధ్య గాలి చిక్కుకోవడం ఇంకో చికాకు. అంచులు ముందే మూసుకుపోతే ఆ గాలి పెద్ద బుడగై పైకి ఉబుకుతుంది, ఒక్కోసారి పగిలి గొయ్యి చేస్తుంది. అందుకే పైకి వెళ్లేటప్పుడు 650 నుంచి 675 మధ్య ఒక అరగంట ఆపుతారు. అప్పటికి గాజు మెత్తబడి పై పలక కింది పలకమీద నెమ్మదిగా వాలుతుంది, అంచులు మాత్రం ఇంకా అతుక్కోవు, గాలి బయటికి జారిపోతుంది.

కలిసినట్టే కలిసి విడిపోయే గాజులు

ఇప్పుడు మొదట చెప్పిన పళ్లెం దగ్గరికి వద్దాం. గాజు వేడికి వ్యాకోచిస్తుంది, చల్లారితే సంకోచిస్తుంది. ఎంత అన్నది గాజు తయారీలో ఏమేం కలిపారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫ్యూజింగ్ గాజు మీద రాసి ఉండే 90, 96 అంకెలు ఇవే. సీఓఈ అంటే వ్యాకోచ గుణకం. సీఓఈ 90 అంటే ఒక్కో డిగ్రీకి తన పొడవులో కోటికి 90 వంతులు పెరుగుతుందని. వినడానికి ఏమంత లెక్కలోకి రాదు కదా. 30 సెంటీమీటర్ల పలక తీసుకుని లెక్కవేద్దాం. 300 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు దిగేసరికి 90 రకం గాజు 0.756 మి.మీ. తగ్గుతుంది, 96 రకం 0.806 మి.మీ. తగ్గుతుంది. తేడా 0.05 మి.మీ., అంటే ఒక సన్నటి వెంట్రుక మందం.

ఆ వెంట్రుకే కొంప ముంచుతుంది. రెండు గాజులూ వేడిలో కలిసిపోయి ఒకే ముక్కగా గట్టిపడ్డాయి కాబట్టి ఒకటి ఎక్కువ ముడుచుకోవాలనుకుంటే రెండోది పోనివ్వదు. ఎవరూ ముట్టుకోకపోయినా వాటి మధ్య లాగులాట ఆగదు. గాజుకు నొక్కుడును తట్టుకునే బలం చాలా ఉంది, సాగదీస్తే మాత్రం ఏ చిన్న గీత దగ్గరో తెగిపోతుంది. కొన్ని కిల్న్‌లోనే పగులుతాయి. కొన్ని వారాలు ఓపికపట్టి, ఒక చల్లని రాత్రి పగులుతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంకె ఒకటే అయితే చాలు, ఏ కంపెనీదైనా కలుస్తుందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా నిజం కాదు. ఆ అంకె సాధారణంగా 20 నుంచి 300 డిగ్రీల మధ్య కొలిచిన సగటు. గాజు గట్టిపడేది అంతకంటే పైన, 500 డిగ్రీల చుట్టుపక్కల. ఆ మధ్యలో ఏ గాజు ఎంత చిక్కగా ఉంది, అంటే దాని స్నిగ్ధత ఎంత అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అంకె ఒకటే అయినా గట్టిపడే తీరు వేరైతే లోపల ఒత్తిడి మిగులుతుంది. కాబట్టి నమ్మాల్సింది డబ్బామీది అంకెను కాదు, ఈ గాజును ఫలానా గాజుతో కలిపి కాల్చి పరీక్షించామన్న తయారీదారు మాటను. కానుకల కోసం చేసేటప్పుడు ఒకే కంపెనీ, ఒకే రకం గాజుతో సరిపెట్టుకోవడం మంచిది. రంగులు కొన్ని తగ్గుతాయి. తగ్గనివ్వండి.

మరి కిటికీ అద్దాలు, ఖాళీ సీసాలు? వాటితో చేయొచ్చు, కానీ ఫ్యూజింగ్ గాజుతో కలపకూడదు. ఒక కిటికీ పలకను అదే పలకలోంచి కోసిన ముక్కతోనే కలపాలి. రెండు సీసాల రంగు ఒకటే అయినంతమాత్రాన అవి ఒకే గాజు అనుకోవడానికి వీల్లేదు. ఒక్క సీసాను దానంతట దాన్ని చదునుగా పరిస్తే ఏ గొడవా లేదు, కాకపోతే దానికి ఫ్యూజింగ్ గాజు కంటే కాస్త ఎక్కువ వేడిలో అనీలింగ్, అంటే ఒకచోట ఆపి నెమ్మదిగా చల్లార్చడం, కావాలి. టెంపర్డ్ గాజును, అంటే పగిలితే పలుకులు పలుకులుగా రాలే రకాన్ని, కోయడమే కుదరదు. గీత పెట్టి వంచగానే మొత్తం చిట్లిపోతుంది.

చల్లారడంలో ఏం జరుగుతుంది

పొత్తు కుదరని గాజులు కలపడం ఒక ప్రమాదమైతే, ఒకే రకం గాజులోనూ దాక్కునే రెండో ప్రమాదం ఇది. 800 డిగ్రీల నుంచి దిగేటప్పుడు పలక పైపొర ముందు చల్లబడుతుంది, లోపలి గాజు వేడిగానే ఉంటుంది. పైపొర గట్టిపడ్డాక లోపలిది ముడుచుకోబోతే జాగా లేదు, బయటి గోడలు బిగిసిపోయాయి. ఆ లాగుడు అలాగే లోపల నిలిచిపోతుంది. టెంపర్డ్ గాజులో ఇదే ఒత్తిడిని కావాలని, పలకంతా సమంగా పుట్టించి బలంగా వాడుకుంటారు. మన పళ్లెంలో అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా పడుతుంది కాబట్టి బలహీనత అవుతుంది.

దీనికి మందు అనీలింగ్. గాజు పూర్తిగా గట్టిపడే ముందు ఒక వేడి దగ్గర ఆపి, లోపలా బయటా ఒకే వేడికి వచ్చేదాకా ఉంచి, అక్కణ్నుంచి నెమ్మదిగా దించడం. బుల్స్‌ఐ గాజుకు సాధారణంగా 482 డిగ్రీల దగ్గర, 96 రకం గాజుకు 510 దగ్గర ఆపుతారు. ఎంతసేపన్నది మందాన్ని బట్టి ఉంటుంది. 6 మి.మీ. పలకకు ఒక గంట చాలు. 12 మి.మీ.కి రెండు గంటలు ఆపి, ఆపైన గంటకు 55 డిగ్రీల చొప్పున దించాలి. 25 మి.మీ. దిమ్మకు నాలుగు గంటలు ఆపి, మొదట్లో గంటకు 15 డిగ్రీలకు మించి దించకూడదు. మందం రెట్టింపైతే దించే వేగం దాదాపు నాలుగో వంతుకు పడిపోయిందని గమనించారా? లావుపాటి పేపర్‌వెయిట్‌ను పండగ వారంలో మొదలుపెట్టొద్దని అనడానికి కారణం ఇదే.

ట్యాక్ ఫ్యూజ్ వస్తువులు ఇంకాస్త మోసం చేస్తాయి. చూడటానికి పల్చగా ఉంటాయి కానీ ఒకచోట 3 మి.మీ., పక్కనే 9 మి.మీ. ఉంటాయి. పల్చని చోటు త్వరగా చల్లారుతుంది, మందపు చోటు వెనకబడుతుంది. అలాంటివాటికి వాటి గరిష్ఠ మందానికి రెట్టింపు మందం ఉన్నట్టు లెక్కవేసి అనీలింగ్ చెయ్యడం అనుభవజ్ఞుల అలవాటు. పువ్వులు, ఆకులు అతికించిన పళ్లెం ఇవ్వాలనుకునేవాళ్లు ఈ సమయాన్ని ముందే పక్కన పెట్టుకోవాలి.

ఒత్తిడి కంటికి కనిపించదన్నాను, పూర్తిగా నిజం కాదు. పోలరైజ్డ్ ఫిల్మ్ ముక్కలు రెండు తీసుకుని, ఒకదానిమీద ఒకటి అడ్డంగా తిప్పితే వెలుతురు ఆగిపోయి నల్లగా అవుతుంది. ఆ రెంటి మధ్య పారదర్శక గాజు పెడితే, ఒత్తిడి ఉన్నచోట తెల్లటి వెలుగు రేఖలు తేలతాయి. ఫిల్మ్ లేకపోతే ల్యాప్‌టాప్ ఎల్సీడీ తెర మీద తెల్ల పేజీ తెరిచి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను తెర నల్లబడేదాకా తిప్పి, మధ్యలో గాజు పట్టుకున్నా పనవుతుంది. అపారదర్శక రంగులకు ఈ కిటుకు చెల్లదు. వాటి చిన్న ముక్కలను పారదర్శక పట్టీ మీద అతికించి కాల్చి, ముక్క చుట్టూ వెలుగు వస్తోందేమో చూడాలి.

పగిలినా పాఠం దొరుకుతుంది. పగులు అంచు నున్నగా, గుండ్రంగా ఉంటే అది పైకి వేడెక్కేటప్పుడే పగిలి, తర్వాతి వేడికి అంచులు కరిగాయని అర్థం. మరీ తొందరగా వేడిచేశారన్నమాట. అంచు కత్తిలా పదునుగా ఉంటే చల్లారేటప్పుడో ఆ తర్వాతో పగిలింది. పగులు సరిగ్గా రెండు రంగుల హద్దు వెంబడే పోతే అనుమానం గాజుల పొత్తు మీదికి వెళ్లాలి. పగిలిన ముక్కను విసిరేసే ముందు అంచు ఒకసారి తడిమి చూడండి, చేతికి గ్లోవ్‌తోనే.

ఒక్క కాల్పుకు ఒక రోజు

6 మి.మీ. బుల్స్‌ఐ పలకను ఫుల్ ఫ్యూజ్ చెయ్యడానికి బాగా వాడుకలో ఉన్న ప్రోగ్రాం ఇలా నడుస్తుంది. గంటకు 222 డిగ్రీల చొప్పున 677 దాకా వెళ్లి అక్కడ అరగంట ఆగడం, తర్వాత గంటకు 333 చొప్పున 804కి వెళ్లి పది నిమిషాలు ఉండటం, అక్కణ్నుంచి కిల్న్ ఎంత వేగంగా దిగగలిగితే అంత వేగంగా 482కి దిగి ఒక గంట ఆగడం, ఆపైన గంటకు 83 చొప్పున 371 దాకా దిగడం. తర్వాత కరెంటు ఆపేసి, మూత తెరవకుండా వదిలెయ్యాలి.

మొదటి భాగం నెమ్మదిగా ఎందుకు? దాదాపు 540 డిగ్రీల లోపు గాజు పెళుసుగా ఉంటుంది, ఒక చోటు వేడెక్కి ఒక చోటు చల్లగా ఉంటే చిట్లుతుంది. పైకి వెళ్లాక ఆ భయం పోతుంది. మధ్యలో, 800 నుంచి 482కి, అంత హడావిడి ఎందుకంటే 700 నుంచి 760 మధ్య గాజు ఎక్కువసేపు తచ్చాడితే ఉపరితలం మీద స్ఫటికాలు ఏర్పడి తెల్లటి మసక పట్టేస్తుంది. వేలిముద్రలు, దుమ్ము ఉన్నచోట ఇది ఇంకా త్వరగా వస్తుంది. అందుకే పేర్చే ముందు ప్రతి ముక్కనూ కడిగి ఆరబెట్టాలి.

లెక్కవేస్తే కరెంటు ఆపేసరికి ఏడెనిమిది గంటలు, తర్వాత చేతికి అందేంత చల్లబడటానికి ఇంకొన్ని గంటలు. అంటే రోజుకో కాల్పు. పళ్లెం గిన్నెగా మారాలంటే రెండో కాల్పు తప్పదు, ముందు ఫ్యూజ్, మధ్యలో అంచులు సానబట్టడం, తర్వాత అచ్చు మీద స్లంపింగ్. పైగా ఇప్పుడది 6 మి.మీ. ఏకముక్క కాబట్టి రెండోసారి ఇంకా నెమ్మదిగా వేడిచేయాలి.

కాబట్టి కానుకల జాబితా రాసుకునేటప్పుడు ఎవరికేమిటన్నది పక్కనపెట్టి, ఏవేవి ఒకే ప్రోగ్రాంలో కాలతాయో చూసుకోవాలి. ఫుల్ ఫ్యూజ్ లాకెట్లూ కోస్టర్లూ ఒకే షెల్ఫ్ మీద సర్దుకుంటాయి. ట్యాక్ ఫ్యూజ్ వస్తువు వాటితో కాలదు. మందాలు కలిస్తే మొత్తం షెల్ఫ్ అన్నిటికంటే మందమైనదాని వేగంతోనే చల్లారాలి. ఇంకో చిన్న లెక్క: 30 సెం.మీ. చదరపు షెల్ఫ్ మీద 10 సెం.మీ. కోస్టర్లు ఖాళీలు వదిలి పెడితే నాలుగే పడతాయి. 9 సెం.మీ.కి కోస్తే వరసకు మూడు, వాటి మధ్య ఒక్కో సెంటీమీటరు ఖాళీ, అంచుల్లో అర సెంటీమీటరు, మొత్తం తొమ్మిది. ఒక్క సెంటీమీటరు త్యాగానికి ఒక రోజు మిగిలిందన్నమాట.

రెండు కాల్పుల గిన్నెలు ముందు, కోస్టర్లు మధ్యలో, లాకెట్లు చివర్లో పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుంది. చివరి వారం ఖాళీగా ఉంచమని నా సలహా. చేసినవాటిని బల్లమీద అలా వదిలేస్తే, పగిలేవేవైనా ఉంటే వాటిలో కొన్ని మన ఎదుటే పగులుతాయి.

కిల్న్ కొనే ఉద్దేశం లేనివాళ్లకు కాల్పు మాత్రం చేసిపెట్టే స్టూడియోలు ఉంటాయి, ముక్కలు పేర్చి పట్టుకెళ్తే చాలు. అక్కడ కూడా మీ గాజు ఏ రకమో ముందే చెప్పాలి. మైక్రోవేవ్‌లో పెట్టే చిన్న కిల్న్ డబ్బాలూ ఉన్నాయి. వాటిలో వేడి మీద, చల్లారే వేగం మీద మన పట్టు ఉండదు. లాకెట్లకు పనికొస్తాయి, అంతకు మించి ఆశించకూడదు.

కోత, రంగు, అచ్చు

గాజును నిజంగా కొయ్యం, గీత పెట్టి విరుస్తాం. చక్రం ఉన్న కట్టర్‌తో ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఒకే ఒత్తిడితో ఒక్కసారి గీయాలి, సన్నగా చర్రుమని శబ్దం రావాలి. అదే గీత మీద రెండోసారి పోతే కట్టర్ పాడవుతుంది, గాజు దారి తప్పి విరుగుతుంది. లోపలికి తిరిగే వంపులు కష్టం. కొత్తవాళ్లు సన్నటి పట్టీలతో, గళ్లతో డిజైన్ ఆలోచిస్తే కోత బాధ సగం తప్పుతుంది. విరిగిన తుక్కు కూడా పారెయ్యక్కర్లేదు. నలగ్గొట్టిన గాజు పలుకులను ఫ్రిట్ అంటారు, సన్నటి గాజు పుల్లలను స్ట్రింగర్లు అంటారు, ఇవి రెండూ చల్లుకుంటే కోతే అక్కర్లేని నక్షత్రాలు, ఆకులు వస్తాయి. పొడిలాంటి ఫ్రిట్ వాడేటప్పుడు మాత్రం మంచి రెస్పిరేటర్ మాస్కు ఉండాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన గాజు ధూళి బయటికి రాదు. బల్లను పొడిగా ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. గాజు అతుక్కోకుండా కింద పరిచే ఫైబర్ పేపర్ కాలాక మిగిలే బూడిదకూ ఇదే జాగ్రత్త.

రంగులు కొన్ని కిల్న్‌లోకి వెళ్లేటప్పుడు ఒకలా, వచ్చేటప్పుడు ఇంకోలా ఉంటాయి. బంగారం కలిసిన గులాబీ రంగు గాజుల్లో కొన్ని పాలిపోయి కనిపిస్తాయి, కాలాక రంగు తేలతాయి. గంధకం ఉన్న లేత పసుపు గాజు పక్కన రాగి ఉన్న నీలి ఆకుపచ్చ గాజు పెడితే హద్దు వెంబడి ముదురు గోధుమ గీత పడుతుంది. తెలిసి చేస్తే అదో అలంకారం, తెలియక చేస్తే మరక.

షెల్ఫ్‌కు కిల్న్ వాష్ పూయడం మరిచిపోతే గాజు షెల్ఫ్‌కే అతుక్కుంటుంది. అచ్చుల్లో ఒక సూక్ష్మం ఉంది: గిన్నెలా లోపలికి వంచాలంటే మట్టి అచ్చు, బోర్లించినట్టు పైనుంచి వాల్చాలంటే స్టీలు అచ్చు. మట్టి అచ్చు గాజు కంటే తక్కువ సంకోచిస్తుంది కాబట్టి లోపల ఉన్న గాజు తేలిగ్గా వదులుతుంది. దాని మీద బోర్లిస్తే గాజు బిగిసి పగులుతుంది. స్టీలు గాజు కంటే ఎక్కువ ముడుచుకుంటుంది కనుక పైనున్న గాజు నుంచి తానే జారుకుంటుంది.

వేలాడదీసే వస్తువుకు కొక్కెం కావాలంటే రెండు పొరల మధ్య వేడికి తట్టుకునే సన్నటి నిక్రోమ్ తీగ ముక్కను వంచి పెట్టి కాల్చొచ్చు. రాగి తీగ కూడా నిలుస్తుంది, కానీ నల్లబడుతుంది.

ఇచ్చే ముందు

అంచుల్లో మిగిలిన మొనలను డైమండ్ ప్యాడ్‌తో, నీళ్లు తగిలిస్తూ రుద్దాలి. వేలితో కాక టిష్యూ కాగితంతో అంచంతా తడిమితే, ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ ఇంకా మొన ఉన్నట్టు. కోస్టర్ల కింద చిన్న రబ్బరు బొడిపెలు అతికిస్తే బల్ల మీద గీతలు పడవు.

తినే వస్తువులు పెట్టే పళ్లెమైతే ఇంకొంచెం ఆలోచించాలి. ఎరుపు, నారింజ, పసుపు గాజుల్లో కొన్నిటికి రంగు కాడ్మియం అనే విష లోహం నుంచి వస్తుంది. లోహపు పూత ఉన్న డైక్రోయిక్, ఇరిడైజ్డ్ పలకలు, రాగి రేకులు తిండికి తగిలే వైపు ఉండకూడదు. ఏ రంగు ఆహారానికి పనికొస్తుందో తయారీదారు చెప్పింది చూసుకుని, పైపొరగా పారదర్శక గాజు వెయ్యడం మంచి పద్ధతి. అనుమానం ఉంటే అది తాళంచెవులు, నగలు పెట్టుకునే పళ్లెమని చెప్పి ఇవ్వండి. ఎవరూ చిన్నబుచ్చుకోరు.

పెట్టెలో ఒక చీటీ కూడా పెట్టాలి. ఓవెన్‌లో, మైక్రోవేవ్‌లో, డిష్‌వాషర్‌లో పెట్టొద్దని, పొయ్యి మీంచి దించిన గిన్నెను దీనిమీద పెట్టొద్దని, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేడినీళ్లతో కడగొద్దని, సబ్బు నీళ్లతో చేత్తో కడిగితే చాలని రాయండి. కింద గాజు రకం, తయారుచేసిన నెల కూడా రాసిపెడితే, ఎప్పుడైనా ఒక మూల చిట్లి మళ్లీ మీ దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని ఏ గాజుతో అతికించి, ఏ వేడిలో కాల్చాలో వెతుక్కోనక్కర్లేదు.